విమానాశ్రయ ఆస్తుల నిర్వహణ

ముంబయి విమానాశ్రయంలో ఏటా రెండు రోజులు రన్‌వేలు రెండూ పట్టపగలే మూతపడతాయి. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, వెళ్లిపోయాక ఇంకోసారి. వేళ కూడా దాదాపు స్థిరమే. ఉదయం 11 నుంచి సాయంత్రం 5 దాకా. 2024లో మే 9న, అక్టోబరు 17న అలాగే మూశారు. అక్కడి రన్‌వేలు ఒకదాన్నొకటి అడ్డంగా దాటుకుంటాయి. అవి కలిసే చోట పని చేయాలంటే రెండూ ఆగాల్సిందే. 2018 డిసెంబరులో ఒకసారి 24 గంటల్లో 1,007 విమానాల రాకపోకలు నడిపిన చోట ఆరు గంటల ఖాళీ అంటే మాటలు కాదు. అందుకే దాదాపు ఆరు నెలల ముందే నోటామ్ వెలువడుతుంది. పైలట్లకూ విమాన సంస్థలకూ ఇచ్చే అధికారిక సూచన అది. టికెట్ల అమ్మకం, సిబ్బంది డ్యూటీలు అన్నీ దాని ప్రకారం సర్దుకుంటాయి.

ఇలాంటి మూసివేతలో ఒక్క నిమిషం కూడా వృథా పోకూడదు. తారు పొరలో పగుళ్లు వెతికేవారు ఒకవైపు, అధిక పీడనంతో నీళ్లు చిమ్మి టైర్ల రబ్బరు వదిలించేవారు ఇంకోవైపు పనిలోకి దిగుతారు. వెలిసిపోయిన గీతలకు రంగు వేయాలి. నేలలో పొదిగిన దీపాలను విప్పి చూడాలి. కేబుల్ గుంతల్లో నీరు చేరిందేమో చూడాలి. కాలువల్లో పూడిక తీయాలి. గడువు అయిపోయేసరికి మనుషులు, వాహనాలు, పనిముట్లు అన్నీ బయటికి వచ్చాయని లెక్క సరిచూడాలి. ఒక్క స్పానర్ లోపల మిగిలిపోయినా రన్‌వే తెరవడానికి వీల్లేదు.

విమానాశ్రయానికి ఉన్న ప్రతి వస్తువూ ఎక్కడుందో, ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడం, ఎప్పుడు బాగు చేయాలో, ఎప్పుడు తీసేసి కొత్తది పెట్టాలో నిర్ణయించడం ఆస్తుల నిర్వహణ. దీనికి డబ్బు, నైపుణ్యం, సమయం మూడూ కావాలి. మొదటి రెండూ ఎలాగోలా సమకూరతాయి. సమయమే దొరకదు. పైగా ఈ రంగ చరిత్రలోని పెద్ద ప్రమాదాలను, పెద్ద వైఫల్యాలను వరుసగా చదివితే ఒక సంగతి మనసులో పడుతుంది. చాలా సందర్భాల్లో లోపం ఎవరికీ తెలియనిది కాదు. ఎవరో చూశారు, ఎక్కడో రాసి పెట్టారు, ఏదో కారణం చేత పని వాయిదా పడింది. లోపం కంటబడిన రోజుకూ దాన్ని సరిచేసే రోజుకూ మధ్య ఉన్న ఆ ఎడాన్ని తగ్గించడమే ఈ విద్య సారమంతా.

ఏవి ఆస్తులు, ఎవరివి

ప్రయాణికుడికి కనిపించేది టర్మినల్. అద్దాల గోడలు, ఎస్కలేటర్లు, సామాను బెల్టులు, విమానం తలుపు దాకా తీసుకెళ్లే ఏరోబ్రిడ్జిలు, ఏసీ చిల్లర్లు. అద్దానికి అవతల రన్‌వేలు, టాక్సీవేలు, విమానాలు నిలిపే ఏప్రన్, వేల దీపాలు, సూచిక బోర్డులు, అగ్నిమాపక వాహనాలు, ప్రహరీ గోడ ఉంటాయి. నేల కింద ఇంధన గొట్టాలు, కరెంటు కేబుళ్లు, వాన నీటి కాలువలు. వీటన్నిటికీ తోడు ఇప్పుడు సాఫ్ట్‌వేర్ కూడా ఆస్తే. 2025 నవంబరు మొదటి వారంలో దిల్లీలో విమానాల ప్రయాణ ప్రణాళికల సందేశాలను చేరవేసే వ్యవస్థ మొరాయించినప్పుడు 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. రన్‌వేలు బాగున్నాయి, విమానాలు సిద్ధంగా ఉన్నాయి. నిలిచిపోయింది కంప్యూటర్ ఒక్కటే. ఆ సందేశాలను సిబ్బంది చేతులతో నమోదు చేయాల్సి వచ్చింది.

యాజమాన్యం మరీ చిక్కు. 1995 ఏప్రిల్ 1న ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా దేశంలోని చాలా విమానాశ్రయాలను నడుపుతోంది. శంషాబాద్, దిల్లీ, ముంబయి, బెంగళూరు వంటివి ప్రైవేటు భాగస్వామ్యంతో నడుస్తాయి. అయినా అక్కడ కూడా గగనతల నియంత్రణ, విమానాలకు దారి చూపే ఐఎల్‌ఎస్, రాడార్ వంటి పరికరాల బాధ్యత అథారిటీదే. విశాఖపట్నంలో రన్‌వే నౌకాదళానిది, టర్మినల్ అథారిటీది. కాబట్టి ఒకే కాంపౌండులో ఒకరి కేబుల్ ఇంకొకరి కాలువ పక్కన, మరొకరి రోడ్డు కింద పోతుంది. ఎక్కడ ఎవరి బాధ్యత ముగిసి ఎవరిది మొదలవుతుందో కాగితం మీద స్పష్టంగా లేకపోతే తవ్వకం మొదలైన రోజునే తగాదా మొదలవుతుంది.

అందుకే ఈ పనికి పునాది ఆస్తుల రిజిస్టర్. ప్రతి మోటారుకూ, ప్రతి దీపానికీ, ప్రతి తలుపుకూ ఒక సంఖ్య, బిగించిన తేదీ, తయారీదారు, విడిభాగాల వివరం, ఇప్పటిదాకా జరిగిన మరమ్మతుల చరిత్ర అందులో ఉంటాయి. ఒకప్పుడు లావుపాటి పుస్తకాలు, ఇప్పుడు కంప్యూటర్, టెక్నీషియన్ చేతిలో ట్యాబ్. సాధనం ఏదైనా, బాగు చేసినవాడు ఏం చేశాడో రాయకపోతే రిజిస్టర్ ఉండీ లేనట్టే.

ప్రమాణాలు రెండు వైపుల నుంచి వచ్చాయి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో 1951లో ఆమోదించిన 14వ అనుబంధం రన్‌వేలు, దీపాలు, గుర్తులు ఎలా ఉండాలో చెబుతుంది. వాటిని ఎలా కాపాడుకోవాలో చెప్పడానికి అందులో ఒక అధ్యాయమే ఉంది. మన దేశంలో వీటి అమలును పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ చూస్తుంది. రెండో వైపు ఆస్తుల నిర్వహణకంటూ ప్రత్యేక ప్రమాణం. 2004లో బ్రిటన్‌లో వచ్చిన పాస్ 55 ఆధారంగా 2014లో ఐఎస్ఓ 55000 శ్రేణి వెలువడింది. అది విమానాశ్రయాల కోసమే పుట్టింది కాదు. రైల్వేలు, విద్యుత్ సంస్థలు, నీటి సరఫరా బోర్డులు కూడా దాన్ని వాడతాయి.

రన్‌వే

విమానాశ్రయంలో అన్నిటికన్నా విలువైన వస్తువు తారు, కాంక్రీటు పరిచిన ఆ పట్టీయే. పెద్ద విమానం గంటకు 250 కిలోమీటర్ల వేగంతో దిగేటప్పుడు దాని చక్రాలు తిరుగుతూ ఉండవు. నేలను తాకిన క్షణంలో ఒక్కసారిగా తిరగడం మొదలుపెడతాయి. ఆ రాపిడికి రబ్బరు కరిగి రన్‌వే మీద పూతలా అతుక్కుంటుంది. ఎండలో అదేమీ కాదు. వాన పడితే ఆ నల్లటి పూత మీద బ్రేకులు పట్టవు. అందుకే రన్‌వే మీద నీరు జారిపోవడానికి అడ్డంగా సన్నటి గాడులు కోస్తారు, ప్రత్యేక వాహనంతో ఘర్షణను కొలుస్తారు. ఆ వాహనం తన చక్రం ముందు ఒక మిల్లీమీటరు మందాన నీరు పరుచుకుంటూ గంటకు 65, 95 కిలోమీటర్ల వేగాల్లో పరుగెత్తి, నేల పట్టు ఎంతుందో నమోదు చేస్తుంది. కనీస స్థాయికి దిగితే వెంటనే నోటామ్ ఇవ్వాలి, రబ్బరు తీయాలి. 2021 నవంబరు నుంచి తడి రన్‌వే స్థితిని ప్రపంచమంతటా ఒకే పద్ధతిలో, 0 నుంచి 6 వరకు అంకెల్లో, పైలట్లకు చెబుతున్నారు.

పెద్ద విమానాలు దిగే పొడవాటి రన్‌వేలను రోజుకు కనీసం రెండుసార్లు తనిఖీ చేయాలని ఐకావో నియమం. ఆ తనిఖీలో వెతికేది పగుళ్లనే కాదు. ఊడిపడిన నట్టు, రాయి, టైరు ముక్క, చచ్చిన పక్షి, ఇలా నేల మీద ఉండకూడని ప్రతిదాన్నీ ఏరాలి. 2000 జులై 25న పారిస్ చార్లెస్ డీగాల్ విమానాశ్రయంలో ఒక డీసీ-10 ఎగిరిపోతూ 43 సెంటీమీటర్ల పొడవున్న లోహపు పట్టీని రన్‌వే మీద వదిలేసింది. అయిదు నిమిషాల్లో దాని వెనకే కాంకార్డ్ వచ్చింది. పట్టీ టైరును చీల్చింది, టైరు తునక ఇంధన ట్యాంకును కొట్టింది, మంటలు లేచాయి. విమానంలోని 109 మంది, నేల మీద నలుగురు మరణించారు. ఆ మధ్యాహ్నం 3 గంటలకు జరగాల్సిన రన్‌వే తనిఖీ అగ్నిమాపక దళం కసరత్తు వల్ల వాయిదా పడిందని దర్యాప్తు నివేదిక నమోదు చేసింది. తనిఖీ వేళకు జరిగినా ఆ పట్టీ దొరికేది కాదు, ఎందుకంటే అది పడింది ఆ తర్వాతే. ఇలాంటి కేసుల్లో మనుషుల కళ్లు మాత్రమే సరిపోవన్న ఆలోచన అక్కడి నుంచే బలపడింది. 2006లో కెనడాలోని వాంకూవర్ రన్‌వే మీది వస్తువులను పసిగట్టే రాడార్‌ను పెట్టింది. సింగపూర్ చాంగీ కెమెరాల పద్ధతిని ఎంచుకుంది.

ఇక తారు సంగతి. పేవ్‌మెంట్ ఆరోగ్యాన్ని 0 నుంచి 100 వరకు మార్కులతో కొలిచే పద్ధతిని 1970లలో అమెరికా సైన్యపు ఇంజినీర్ల దళం తయారుచేసింది. ఇంజినీరు నడుస్తూ ఒక్కో గళ్ల భాగంలో ఏ రకం పగులు, ఎంత పొడవు, ఎంత తీవ్రత అని రాసుకుంటాడు. తారు మొదట చాలా ఏళ్లు మెల్లగా పాతబడుతుంది. ఒక దశ దాటాక మాత్రం గబగబా పాడవుతుంది. పగుళ్లకు సీలు వేస్తే సరిపోయే రోజుల్లో పని చేయకపోతే, తర్వాత పై పొర మొత్తం లేపాల్సి వస్తుంది. అదీ దాటితే అడుగు పొరలు తవ్వాలి. ఆలస్యమైన ప్రతి దశలో ఖర్చు రెట్లు పెరుగుతుంది.

పై పొర మార్చడాన్ని రీకార్పెటింగ్ అంటారు. ఒకే రన్‌వే ఉన్నచోట అది రాత్రుళ్లు జరగాలి, తెల్లారేసరికి విమానం దిగాలి. యంత్రంతో పాత పొర గీకి ఎత్తడం, వేడి తారు పరచడం, రోలర్ తొక్కించడం, చల్లబడనివ్వడం, ఆ తర్వాత మధ్యగీత గీయడం. గీత లేకుండా తెరవకూడదని ఐకావో స్పష్టంగా రాసింది. అసలు కష్టం ఆ రాత్రి పని ఆగిన చోట ఉంటుంది. కొత్త పొర ఎత్తుగా, పాత పొర పల్లంగా, మధ్యలో మెట్టు మిగిలిపోతుంది. దాన్ని తాత్కాలిక వాలుగా మలచాలి. 5 సెంటీమీటర్ల మందం వరకు వాలు 0.5 నుంచి 1 శాతం మధ్య ఉండాలి. అంతకన్నా మందమైతే అర శాతం దాటకూడదు. అంటే అయిదు సెంటీమీటర్ల మెట్టును సరిచేయడానికి కనీసం అయిదు మీటర్ల పొడవున తారు పోయాలి. మరుసటి రాత్రి మొట్టమొదటి పని ఆ వాలును తవ్వి పారేయడం. పని జరిగే దిశ కూడా ముందే లెక్కగట్టాలి. విమానాల్లో ఎక్కువ భాగం ఆ వాలును ఎక్కకుండా దిగేలా చూడాలి.

2019 ఫిబ్రవరి 7 నుంచి మార్చి 30 దాకా ముంబయిలో మంగళ, గురు, శనివారాల్లో పగలు 11 నుంచి 5 వరకు రన్‌వేలు మూసి పని చేశారు. విశాఖపట్నంలో 2023 నవంబరు నుంచి కొన్ని నెలల పాటు రాత్రి పూట పౌర విమానాలు నిలిపి నౌకాదళం రన్‌వేకు కొత్త పొర వేయించింది. ప్రయాణికులకు అసౌకర్యమే అయినా అది ముందుగా తెలిసిన అసౌకర్యం. శంషాబాద్‌లో ఈ చిక్కుకు ఇంకో విరుగుడు ఉంది. అక్కడ 4,260 మీటర్ల ప్రధాన రన్‌వేకు సమాంతరంగా ఉన్న 3,707 మీటర్ల టాక్సీవేను అవసరమైతే రన్‌వేగా వాడుకునేలా తీర్చిదిద్ది, 2012లో అందుబాటులోకి తెచ్చారు. ప్రధాన రన్‌వేకు మరమ్మతు వచ్చినప్పుడు విమానాలు దాని మీదకు మళ్లుతాయి. మరమ్మతుకు కావాల్సిన సమయాన్ని నిర్మాణంలోనే కొనిపెట్టుకోవడమంటే ఇదే. పూర్తి స్థాయి రెండో రన్‌వేకయ్యే ఖర్చు లేకుండానే అది సాధ్యమైంది.

దీపాలు, గుర్తులు

రాత్రి పూట కిటికీలోంచి చూస్తే రన్‌వే దీపాలు పండగలా కనిపిస్తాయి. ఆ దీపాల వెనక కఠినమైన లెక్క ఉంది. అంచు దీపాల మధ్య దూరం 60 మీటర్లు దాటకూడదు. పొగమంచులో వాడే రన్‌వేకు మధ్యగీత దీపాలు 15 మీటర్లకొకటి చొప్పున కావాలి. ఒక వలయంలోని దీపాలన్నిటి గుండా ఒకే విద్యుత్తు, ఎక్కువగా 6.6 ఆంపియర్లు, వరుసగా పారుతుంది. ఒకటి మాడితే మిగతావన్నీ ఆరిపోకుండా ప్రతి దీపానికీ విడిగా చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. దీపం మాడితేనే చెడిపోయినట్టు కాదు. దాని వెలుగు ఉండాల్సినదానిలో సగానికి తగ్గితే చాలు, అది పనిచేయని దీపం కిందే లెక్క. దట్టమైన పొగమంచులో విమానాలు దించే రన్‌వేల మీద అంచు దీపాలు, మధ్యగీత దీపాలు 95 శాతం పనిచేస్తూ ఉండాలి. పక్కపక్క దీపాలు రెండూ ఆరిపోయి ఉండకూడదు.

నేలలో పొదిగిన దీపం సంరక్షణ ఒక చేతి పని. దాని మీదుగా విమానాల చక్రాలు దొర్లుతాయి. గాజు మీద రబ్బరు, దుమ్ము పేరుకుంటాయి. రాత్రి విమానాల రద్దీ తగ్గాక టెక్నీషియన్ రన్‌వే మీద మోకాళ్ల మీద కూర్చుని బోల్టులు విప్పుతాడు. లోపల చెమ్మ ఉందేమో చూసి, వర్క్‌షాపులో శుభ్రం చేసి తెచ్చిన దీపాన్ని దాని స్థానంలో పెడతాడు. చివర్లో టార్క్ రెంచితో బోల్టులు నిర్ణీత బిగువుకు బిగిస్తాడు. ఆ బిగువు తక్కువైతే కొన్నాళ్లకు బోల్టు వదులై ఊడుతుంది, రన్‌వే మీద పడిన లోహపు ముక్క అవుతుంది. వెలుగును కొలిచే పరికరాలు అమర్చిన బండి ఒకటి రన్‌వే పొడవునా వెళ్లి ఏ దీపం ఎంత వెలుగుతోందో నమోదు చేస్తుంది. ఐఎల్‌ఎస్ వంటి రేడియో పరికరాల సంకేతాలు సరిగా ఉన్నాయో లేదో మాత్రం నేల మీద నుంచే తేల్చడం కుదరదు. దానికి ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి సొంత తనిఖీ విమానాలు ఉన్నాయి. అవి నిర్ణీత వ్యవధుల్లో ప్రతి విమానాశ్రయం మీదా ఎగిరి పరీక్షిస్తాయి.

గీత, బోర్డు, రాడార్ మూడూ కలిసి విఫలమైతే ఏమవుతుందో ఇటలీలోని మిలాన్ లినాటె చూపింది. 2001 అక్టోబరు 8 ఉదయం దట్టమైన పొగమంచు. ఒక చిన్న సెస్నా జెట్ తనకు చెప్పిన టాక్సీవే కాకుండా వేరే దారి పట్టింది. అక్కడి పాత గుర్తులు ప్రమాణాలకు తగినట్టు లేవు. ఎస్4 అనే గుర్తు దగ్గరున్నామని పైలట్ రేడియోలో చెప్పాడు. ఆ పేరు గల స్థానం కంట్రోలర్ దగ్గరున్న పటంలోనే లేదు. నేల మీది విమానాలను చూపే పాత రాడార్‌ను 1999లోనే తీసేశారు. దాని స్థానంలో రావలసిన కొత్తది ఇంకా పనిలోకి రాలేదు. రన్‌వే మీదకు చొరబడే వాహనాన్ని పసిగట్టే సెన్సర్లు ఎప్పుడో ఆపేసి ఉన్నాయి. సెస్నా సరిగ్గా ఎగరబోతున్న స్కాండినేవియన్ విమానానికి అడ్డుగా వెళ్లింది. 118 మంది చనిపోయారు. పాతది తీసేసిన తేదీకీ కొత్తది పనిచేసే తేదీకీ మధ్య ఖాళీ ఎంత ప్రమాదకరమో చెప్పడానికి ఇంతకన్నా గట్టి ఉదాహరణ లేదు. ఒక్కో లోపం విడిగా చూస్తే చిన్నదే. బోర్డు మార్చాలి, పటం సవరించాలి, యంత్రం బిగించాలి. అన్నీ చేయాల్సిన పనుల జాబితాలో ఉండదగ్గవే.

కరెంటు

2025 మార్చి 20 రాత్రి పశ్చిమ లండన్‌లో నార్త్ హైడ్ సబ్‌స్టేషన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ తగలబడింది. మరునాడు హీత్రూ విమానాశ్రయం దాదాపు రోజంతా మూతపడింది. సుమారు 1,300 విమానాలు, 2 లక్షల 70 వేల మంది ప్రయాణికులు చిక్కుల్లో పడ్డారు. బ్రిటన్ విద్యుత్ వ్యవస్థ నిర్వాహక సంస్థ ఆ జులైలో తుది నివేదిక ఇచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలికి తీగ వెళ్లే చోట ఉండే బుషింగ్‌లో తేమ చేరి ఉండటమే ప్రమాదానికి అత్యంత సంభావ్య కారణమని చెప్పింది. ఆ బుషింగ్ నూనె నమూనాలో తేమ హెచ్చుగా ఉందన్న ఫలితం 2018 జులైలోనే వచ్చింది. వెంటనే బుషింగ్ మార్చాలని సబ్‌స్టేషన్‌ను నడిపే సంస్థ సొంత మార్గదర్శకాలే చెబుతాయి. అది జరగలేదు. ఆ తర్వాత చేయాల్సిన నిర్వహణ కూడా వాయిదా పడుతూ వచ్చింది. అంతకు దాదాపు ఏడేళ్ల ముందు పరీక్షలో బయటపడిన ఒక అంకె ఐరోపాలోకెల్లా రద్దీ విమానాశ్రయాన్ని ఒక రోజు నిలిపేసింది.

ఇంకో పాఠం హీత్రూ కంచె లోపల ఉంది. దానికి మూడు సరఫరా కేంద్రాలు ఉన్నాయి. ఒకటి పోయినా మిగతా రెండూ పనిచేస్తూనే ఉన్నాయి. కానీ లోపలి వ్యవస్థలను వాటి మీదకు మార్చి, వేల కంప్యూటర్లనూ యంత్రాలనూ మళ్లీ సురక్షితంగా మొదలుపెట్టడానికి గంటలు పట్టింది. ప్రత్యామ్నాయం ఉండటం వేరు, దాని మీదకు నిమిషాల్లో మారగలగడం వేరు. అమెరికాలోని అట్లాంటాలో 2017 డిసెంబరు 17న అంతకన్నా సూటి తప్పు బయటపడింది. ప్రధాన కేబుళ్లు, వాటికి బదులుగా పెట్టిన కేబుళ్లు ఒకే భూగర్భ మార్గంలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకే మంట రెండింటినీ కాల్చింది. దాదాపు 11 గంటలు చీకటి, వెయ్యికి పైగా విమానాలు రద్దు. జాగ్రత్తగా నడిపే విమానాశ్రయాల్లో జనరేటర్‌ను నెలనెలా నిజమైన లోడుతో నడిపి చూస్తారు. మీట నొక్కి శబ్దం విని ఆపేస్తే పరీక్ష చేసినట్టు కాదు.

ఎప్పుడు బాగు చేయాలి

చెడిపోయాక బాగు చేయడం అన్నిటికన్నా పాత పద్ధతి. కొన్ని వస్తువులకు అదే సరైనది కూడా. మరుగుదొడ్డిలో ఒక బల్బు మాడితే మారిస్తే చాలు. దాని తర్వాత వచ్చింది క్యాలెండర్ ప్రకారం చేసే నిర్వహణ. ఇన్ని నెలలకు బేరింగ్ మార్చాలి, ఇన్ని గంటలకు నూనె మార్చాలి అన్నది దాని సూత్రం. ఈ పద్ధతికి గట్టి ప్రశ్న విమానాల నుంచే వచ్చింది. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన స్టాన్లీ నోలన్, హోవార్డ్ హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖ కోసం ఒక నివేదిక రాశారు. విమాన భాగాల్లో 11 శాతం మాత్రమే వయసు పెరిగే కొద్దీ అరిగి చెడిపోయే లక్షణం చూపాయని, మిగతా 89 శాతానికి వయసుతో అలాంటి సంబంధం కనిపించలేదని అందులో తేల్చారు. అంటే గడువు ప్రకారం విప్పి మార్చడం వల్ల వాటికి మేలు జరగదు. అనవసరంగా విప్పడం వల్ల కొత్త తప్పులు పుట్టే అవకాశం మాత్రం ఉంది.

ఆ ఆలోచన విమానం నుంచి విమానాశ్రయానికి చేరింది. మోటారు కంపనం, నూనెలో లోహపు రేణువులు, స్విచ్‌బోర్డులో ఉష్ణోగ్రత వంటి సంకేతాలను బట్టి పని నిర్ణయించడం పెరిగింది. వేడిని చూపే కెమెరాతో కరెంటు ప్యానెల్‌ను చూస్తే వదులైన కనెక్షన్ ఎర్రగా బయటపడుతుంది. సామాను బెల్టు మోటారు కుదుపు పెరిగితే సెన్సర్ ముందే చెబుతుంది. అయితే హీత్రూ ఉదంతం చెప్పేదీ ఇక్కడ గుర్తుంచుకోవాలి. తేమ పరీక్ష దాని పని అది చేసింది. ఫలితం వచ్చాక ఎవరు, ఎన్ని రోజుల్లో, ఏం చేయాలన్న దారి సిద్ధంగా లేకపోతే సెన్సర్ల సంఖ్య పెంచి లాభం లేదు.

టర్మినల్ లోపల

టర్మినల్‌లో ఎక్కువ శ్రద్ధ కోరేది ప్రయాణికుడికి కనిపించని సామాను వ్యవస్థ. కిలోమీటర్ల పొడవున బెల్టులు, మోటార్లు, స్కానర్లు, బార్‌కోడ్ రీడర్లు. అమెరికాలోని డెన్వర్ 1990లలో మనుషులతో పని లేకుండా చిన్న బండ్ల మీద సామాను పరుగెత్తే వ్యవస్థను కట్టబోయింది. అది పరీక్షల్లోనే బ్యాగులను చించి పారేసింది. 1993 అక్టోబరులో తెరవాల్సిన విమానాశ్రయం 1995 ఫిబ్రవరి 28 దాకా తెరుచుకోలేదు. కుదించిన వ్యవస్థ పదేళ్లు నడిచింది. దాని నిర్వహణకే నెలకు పది లక్షల డాలర్ల దాకా అవుతుండటంతో 2005లో వదిలేశారు. కొనేటప్పుడు పెట్టే ధర కన్నా బతికున్నన్నాళ్లూ పెట్టే ఖర్చు ముందుగా లెక్క వేయాలన్నది నిర్వహణ ఇంజినీర్లు ఎప్పుడూ చెప్పే మాట. డిజైన్ గదిలో వాళ్లకు కుర్చీ వేయడం మాత్రం అరుదు.

వాడకపోయినా వస్తువులు పాతబడతాయి. బెర్లిన్ కొత్త విమానాశ్రయం 2012లో తెరవాల్సింది. అగ్నిమాపక వ్యవస్థలో లోపాల వల్ల 2020 అక్టోబరు 31 దాకా తెరుచుకోలేదు. ఈలోగా ఖాళీ టర్మినల్‌లో ఏళ్ల తరబడి వెలుగుతూ ఉన్న 750 సమాచార తెరల ఆయుష్షు తీరిపోయింది. ఒక్క ప్రయాణికుడు కూడా చూడకుండానే 2018లో వాటిని మార్చాల్సి వచ్చింది.

పైకప్పులు, పందిళ్ల సంగతి వేరు. అవి ఏళ్ల తరబడి మాట్లాడకుండా ఉంటాయి. 2024 జూన్ 28న భారీ వర్షంలో దిల్లీ ఒకటో టర్మినల్ ముందు భాగం కప్పు కూలి ఒకరు మరణించారు. ఆ ముందురోజు జబల్‌పూర్‌లో, మరుసటి రోజు రాజ్‌కోట్‌లో గుడ్డ పందిళ్లు చిరిగి కూలాయి. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పౌర విమానయాన మంత్రిగా బాధ్యతలు తీసుకుని అప్పటికి నెల కూడా కాలేదు. దేశంలోని విమానాశ్రయాలన్నిటిలో నిర్మాణాల పటిష్ఠతను పరిశీలించాలని ఆయన శాఖ ఆదేశించింది. ఇలాంటి తనిఖీలు వానకు ముందు ఏటా జరిగే అలవాటుగా మారితే తప్ప ప్రయోజనం ఉండదు. స్తంభం అడుగున తుప్పు, కప్పు మీద నీరు నిలిచే చోటు, మూసుకుపోయిన నీటి గొట్టం, ఇవన్నీ నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తేనే కనిపిస్తాయి.

మరమ్మతులోనే ముప్పు

బాగు చేయడానికి వెళ్లిన పనే విపత్తు తెచ్చిన సందర్భాలు ఉన్నాయి. 1996 ఏప్రిల్ 11న జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విమానాశ్రయంలో టర్మినల్ పైనున్న రోడ్డు సంధి దగ్గర వెల్డింగ్ జరుగుతోంది. నిప్పురవ్వలు కింది కప్పులోని పాలిస్టైరిన్ పొరకు అంటుకున్నాయి. మంట కన్నా పొగ వేగంగా పాకింది. 17 మంది ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ప్రపంచంలో చాలాచోట్ల వెల్డింగ్‌కు ముందు రాతపూర్వక అనుమతి, పక్కనే అగ్నిమాపక సిబ్బంది, పని అయ్యాక కూడా కొంతసేపు కాపలా అన్న నియమాలు గట్టిపడ్డాయి.

2000 అక్టోబరు 31న తైవాన్‌లోని తైపేలో తుపాను వానలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ 747 ఒకటి పొరపాటున మరమ్మతుల కోసం మూసి ఉన్న రన్‌వే మీద నుంచి ఎగరబోయి నిర్మాణ యంత్రాలను ఢీకొంది. అందులోని 179 మందిలో 83 మంది చనిపోయారు. ఆ రన్‌వేలో కొంత భాగాన్ని టాక్సీవేగా వాడుతున్నారు. దాని మొదట్లో అడ్డుకట్ట గానీ మూసివేత గుర్తు గానీ లేదు. పైలట్ల తప్పును దర్యాప్తు స్పష్టంగా చెప్పింది. అయినా మరమ్మతు ప్రణాళికలో అడ్డుకట్టలు, దీపాలు ఆపడం, గుర్తులు వేయడం కూడా పనిలో భాగమేనన్న సంగతిని ఆ రాత్రి గట్టిగా చాటింది.

డబ్బు లెక్క

మన దేశంలో పెద్ద విమానాశ్రయాల చార్జీలను 2008 చట్టంతో ఏర్పడిన విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ ప్రాధికార సంస్థ నిర్ణయిస్తుంది. స్థూలంగా చెబితే, కొత్తగా పెట్టిన పెట్టుబడి ఆస్తి విలువలో చేరి, దాని మీద ఏళ్ల తరబడి రాబడి వస్తుంది. మరమ్మతు ఖర్చు మాత్రం ఖర్చుగానే వసూలవుతుంది. ఇలాంటి పద్ధతి సంస్థలను పాతది కాపాడుకోవడం కన్నా కొత్తది కట్టడం వైపు నెట్టవచ్చని హార్వీ అవెర్చ్, లీలాండ్ జాన్సన్ అనే అర్థశాస్త్రవేత్తలు 1962లోనే చూపారు. అందుకే నియంత్రణ సంస్థ పెద్ద పెట్టుబడి ప్రతిపాదనను ప్రశ్నించి పరిశీలించడం, నిర్వహణకు అడిగిన మొత్తాన్ని కోసేయకుండా చూడటం రెండూ అవసరమే.

ఒప్పందం ముగిసే కాలం ఇంకో చిక్కు. ప్రైవేటు సంస్థ గడువు చివరి ఏళ్లలో తనకు మిగలని ఆస్తి మీద డబ్బు పెట్టడానికి వెనకాడవచ్చు. కాబట్టి తిరిగి అప్పగించేటప్పుడు రన్‌వే, టర్మినల్, యంత్రాలు ఏ స్థితిలో ఉండాలో ఒప్పందంలోనే రాసుకుంటారు. శంషాబాద్ ఒప్పందం 2004 డిసెంబరులో కుదిరింది. విమానాశ్రయం 2008 మార్చి 23న తెరుచుకుంది. గడువును తర్వాత 2068 వరకు పొడిగించారు. అంత పొడవైన కాలంలో రన్‌వే పై పొర పలుమార్లు మారుతుంది, సామాను వ్యవస్థ రెండు మూడు తరాలు మారుతుంది. కంట్రోల్ సాఫ్ట్‌వేర్ సంగతి చెప్పనక్కర్లేదు. పాత నియంత్రణ పరికరాలకు విడిభాగాలు తయారవడం ఆగిపోతే, నిక్షేపంలా పనిచేస్తున్న బెల్టును కూడా మార్చక తప్పదు.

నేల, నీరు, గాలి

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం విమానాశ్రయం టర్మినల్ పైకప్పును, లోపలి కప్పును చీల్చి పారేసింది. 2009లో మొదలైన భవనం అది. నీళ్లు, శిథిలాలు తీసి, అవసరమైన పరికరాలను ముందు నిలబెట్టి, వారం తిరక్కుండానే విమానాలు మొదలుపెట్టారు. ఏది ముందు నిలబెట్టాలో తెలిసి ఉండటం వల్లే అది సాధ్యమవుతుంది. రన్‌వే, దీపాలు, కరెంటు, రేడియో సంబంధాలు ఉంటే చాలు, సహాయ విమానాలు దిగగలవు. ఏసీ, అలంకారాలు తర్వాత చూసుకోవచ్చు. ఈ వరుసను ఆస్తుల రిజిస్టర్‌లో ముందే గుర్తించి పెట్టుకునే పద్ధతి తుపాను తీరానికి చాలా అవసరం.

జపాన్‌లోని కన్సాయ్ కథ ఇంకా పెద్దది. సముద్రంలో కృత్రిమ దీవి కట్టి 1994 సెప్టెంబరు 4న తెరిచిన విమానాశ్రయం అది. సముద్రగర్భంలోని మెత్తటి బంకమన్ను ఆ బరువుకు కుంగుతుందని ఇంజినీర్లకు ముందే తెలుసు. నిర్మాణం మొదలైన నాటి నుంచి మొదటి దీవి సగటున 13 మీటర్లకు పైగా దిగింది. అన్ని చోట్లా సమానంగా దిగదు కాబట్టి, వాస్తుశిల్పి రెంజో పియానో రూపొందించిన 1.7 కిలోమీటర్ల టర్మినల్‌ను దాదాపు 900 స్తంభాల మీద నిలబెట్టారు. ప్రతి స్తంభాన్నీ జాకీతో ఎత్తవచ్చు. కొలతల్లో తేడా హద్దు దాటితే స్తంభాన్ని కొద్దిగా లేపి అడుగున లోహపు పలకలు పెడతారు. లోపల ప్రయాణికులు తిరుగుతూనే ఉంటారు.

2018లో సరిగ్గా దాని పుట్టినరోజునే, సెప్టెంబరు 4న, జెబి తుపాను వచ్చింది. అలలు గోడ దాటి రన్‌వేను ముంచాయి. గాలికి కొట్టుకొచ్చిన ట్యాంకర్ ఓడ దీవిని ఒడ్డుతో కలిపే వంతెనను గుద్దింది. వేల మంది రాత్రంతా దీవి మీదే చిక్కుకుపోయారు. అందరి దృష్టీ కుంగుబాటు మీద ఉండగా, నీరు భూగర్భ గదుల్లోకి దిగి కరెంటు పరికరాలను పాడు చేసింది. ఆ తర్వాత కన్సాయ్ సముద్రపు గోడల ఎత్తు పెంచింది, రన్‌వేను పైకి లేపింది, భూగర్భంలోని విద్యుత్ గదుల్లోకి నీరు చొరకుండా తలుపులు, గోడలు బిగించింది.